కొలంబో ఓడా, బెనాపోల్ లారీనా? గుంటూరు మిర్చికి ఏ దారి నయం

ఎండుమిర్చి ఎగుమతిలోకి కొత్తగా దిగినవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: సరుకు శ్రీలంకకు త్వరగా చేరుతుందా, బంగ్లాదేశ్‌కా? బంగ్లాదేశ్‌కు రోడ్డు ఉంది కదా, లారీ ఎక్కిస్తే చాలనుకుంటారు. నేను రెండు దేశాలకూ తేజ రకం పంపుతున్నాను. నా ఓటు కొలంబో ఓడకే.

గుంటూరు నుంచి చెన్నై పోర్టుకు లారీకి ఒక రాత్రి ప్రయాణం. ఓడ బయల్దేరాక కొలంబోకు రెండు రోజులు చాలు. టైమంతా పోయేది అంతకుముందే. రంగు పోయిన తాలుకాయలు ఏరించాలి, తొడిమలు తీయించాలి, సరుకుకు చీడపీడలు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, పురుగు చచ్చేలా మందు పొగ పట్టించే ఫ్యూమిగేషన్ చేయించాలి, ఎగుమతి పత్రమైన షిప్పింగ్ బిల్లు వేసి కస్టమ్స్ క్లియరెన్స్ తీసుకోవాలి. పోర్టు కంటైనర్లను లోపలికి తీసుకునే ఆఖరి గడువు, అంటే గేటు కటాఫ్, దాటిందా, తర్వాతి ఓడ దాకా కంటైనర్ కదలదు. అయితే ఈ తారీఖులన్నీ ముందే తెలుస్తాయి. చెన్నైలో మా పని చూసే క్లియరింగ్ ఏజెంటు కటాఫ్‌కు ముందురోజే ఫోన్ చేసి, "సార్, ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్ ఇంకా రాలేదు" అని గుర్తుచేస్తాడు. ఆయన తీసుకునే ఫీజుకు ఆ ఒక్క ఫోన్ చాలు. నేను కొనే పార్టీకి రెండు వారాలని చెబుతాను. ఆ మాట దాదాపు ఎప్పుడూ నిలబడింది.

బంగ్లాదేశ్ సంగతి వేరు. పశ్చిమ బెంగాల్‌లోని పెట్రాపోల్ సరిహద్దు దాకా లారీ చకచకా పోతుంది. తర్వాత పార్కింగ్‌లో ఆగి వంతు కోసం చూడాలి. స్లాట్ ముందే బుక్ చేసుకునే పద్ధతి వచ్చాక కొంత నయమే. కానీ అవతల బంగ్లాదేశ్ వైపు బెనాపోల్‌లో టిక్కీలన్నీ (మిర్చి బస్తాలు) దింపి వాళ్ల లారీల్లోకి ఎక్కించాలి. అక్కడ శుక్రవారం సెలవు. ఒకసారి ఇట్టే దాటేస్తుంది, ఇంకోసారి వారం గడిచినా డ్రైవర్ అక్కడే ఉంటాడు. ఏజెంటుకు ఫోన్ చేస్తే "ఇవాళో రేపో" తప్ప ఇంకో మాట ఉండదు. ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది.

వానాకాలంలో ఈ ఆలస్యం సరుకునే దెబ్బతీస్తుంది. కొనేవాడి మనిషి లారీ మీద కప్పిన టార్పాలిన్ పట్టా విప్పించి, అంచున ఉన్న టిక్కీలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసి విరుస్తాడు. టక్కున విరిగితే సరే. మెత్తగా వంగిందంటే తేమ పట్టినట్టే, ఇక రేటు కోత మొదలవుతుంది. గుంటూరులో కోల్డ్ స్టోరేజీ అద్దె కట్టి కాపాడుకున్న రంగు, సరిహద్దులో పట్టా కింద నల్లబడుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ దారికి మంచి మందు రైలే. 2020 జులైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బెనాపోల్‌కు 16 పార్శిల్ వ్యాన్లలో 384 టన్నుల మిర్చి వెళ్లింది. టన్నుకు రోడ్డు మీద సుమారు 7,000 రూపాయలయ్యే చోట రైల్లో 4,608 పడింది. ఒక్కడి ఆర్డరుకు అంత సరుకు ఉండదు కాబట్టి, చిన్న వ్యాపారులు కలిసి వ్యాన్లు నింపుకునే ఏర్పాటు గుంటూరు మిర్చి యార్డులోనే ఉండాలని నా కోరిక.

అందాకా నా లెక్కలో కొలంబో ఓడకు అయిదుకు నాలుగున్నర, పెట్రాపోల్ లారీకి రెండున్నర. ఢాకా ఆర్డరు తప్పదనుకుంటే లారీ సోమవారానికల్లా సరిహద్దు చేరేలా గుంటూరులో లోడింగ్ పెట్టుకోండి. పట్టా కూడా ఒకటి కాదు, రెండు కట్టించండి.