చలికాలం మైలేజీకి: వేడిగాలి గొట్టమా, గ్రిల్‌కు అట్టా?

అమెరికాలోని మిన్నెసోటా లాంటి చోట మైనస్ 20 డిగ్రీల చలిలో పెట్రోలు కారు మైలేజీ పడిపోవడం మామూలే. ఒక చిట్కా, ఎయిర్ ఫిల్టర్ గొట్టాన్ని ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి వేడి పొగను బయటికి పంపే గొట్టాలు) దగ్గరకు తిప్పడం. వేడిగాలి పల్చన కాబట్టి అదే వేగానికి థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే రెక్క) ఇంకాస్త తెరుచుకుంటుంది. గాలి లాగడానికి ఇంజిన్ పడే పాట్లు తగ్గుతాయి. పాతకాలం కార్బ్యురేటర్ కార్లు చాలావాటిలో కంపెనీలే ఈ ఏర్పాటు ఇచ్చేవి. అయితే పికప్ తగ్గుతుంది. గాలి మరీ వేడెక్కితే నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకలాడటం) రాకుండా కారు కంప్యూటర్ ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే స్పార్క్ పడే క్షణాన్ని, ఆలస్యం చేస్తుంది, లాభం కాస్తా గోవిందా. డీజిల్, టర్బో కార్లవాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు.

రెండోది కారు ముందుండే గాలి జాలీని, అంటే గ్రిల్‌ను, అట్టతో సగం మూయడం. ఇంజిన్ వేడి నిలుస్తుంది, ఎదురుగాలి ఒత్తిడీ కాస్త తగ్గుతుంది. టెంపరేచర్ ముల్లు మీద మాత్రం ఓ కన్నుండాలి. నా ఓటు దీనికే: ఎండ కాస్తే అట్ట పీకేయొచ్చు.