నడుముకి ఏడేళ్ళు: గ్లాక్ 19, గ్లాక్ 43ఎక్స్, సిగ్ పీ365

డాలస్ శివార్లలో నాకో గ్యాస్ స్టేషన్, దాన్ని ఆనుకుని చిన్న స్టోర్ ఉన్నాయి. రాత్రి 11 గంటలకి తలుపులకి తాళం వేసి, ఆ రోజు వసూలు సంచిలో పెట్టుకుని కారు దాకా ఓ నలభై అడుగులు నడవాలి. ఆ నలభై అడుగుల కోసమే 2018లో మొదటి పిస్టల్ కొన్నాను. ఆ తర్వాత ఇంకో రెండు కొన్నాను. పైన పేర్లు రాసినవి ఆ మూడే. మా ఆవిడది విడిగా ఒకటి. ఈ ఏడేళ్ళలో రేంజ్‌లో, అంటే గురి సాధన చేసే చోట తప్ప ఎక్కడా పేల్చలేదు, జనంలో ఒరలోంచి తియ్యలేదు కూడా. అందుకని ఇందులో సాహస కథలేమీ ఉండవు. రోజుకి పన్నెండు గంటలు ఇది నడుముకి కట్టుకుని తిరిగితే ఒళ్ళు ఏమంటుందో అదే రాస్తున్నాను.

ముందు ఒక మాట. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు గన్ దగ్గర పెట్టుకోవడానికి ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. కొన్ని మినహాయింపులున్నాయి గానీ, వాటిని నమ్ముకుని దిగేముందు లాయర్‌ని అడగండి. నేను గ్రీన్ కార్డు చేతికొచ్చాకే కొన్నాను. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు నిండి, చట్టపరంగా అడ్డంకులు లేనివాళ్ళు లైసెన్స్ లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు. అయినా నేను లైసెన్స్ వదల్లేదు. ఆ లైసెన్స్ పరీక్షలో 50 తూటాలు పేల్చాలి: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. మొత్తం 250కి 175 వస్తే పాస్. అదేమంత కష్టం కాదు గానీ, మొదటిసారి నా చెయ్యి వణికింది.

మా తాతయ్యకి ఊళ్ళో లైసెన్సు ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. ఎన్నికలు వచ్చాయంటే దాన్ని పోలీసు స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవాడు. ఇండియాలో 9 ఎంఎం (తూటా లావు) మామూలు పౌరులకి నిషిద్ధ బోరు, అంటే వాళ్ళకి ఇవ్వని సైజు. ఇక్కడ నేను వాడిన మూడూ 9 ఎంఎంలే, తూటాల పెట్టెలు స్పోర్ట్స్ సామాన్ల షాపుల్లో కూడా దొరుకుతాయి. ఈ సంగతి తాతయ్యకి చెప్పి ఉంటే నమ్మేవాడు కాదు.

మొదట కొన్నది గ్లాక్ 19. అందరూ అదే కొనమన్నారు, కొన్నాను. 4 అంగుళాల బ్యారెల్ (గొట్టం), మ్యాగజైన్‌లో (పిడిలోకి తోసే తూటాల డబ్బా) 15 తూటాలు, ఖాళీగా 670 గ్రాములు, నింపితే 850 దాటుతుంది. రేంజ్‌లో దీనికి వంక పెట్టలేను. పిడి చేతినిండా ఉంటుంది, పేల్చినప్పుడు వెనక్కి తన్నే తన్ను మెత్తగా ఉంటుంది, రెండో గుండు ఎక్కడ పడుతుందో ముందే తెలిసిపోతుంది. నేను కొన్నవాటిలో ఇప్పటికీ నా గురి బాగా కుదిరేది దీంతోనే.

కానీ నేను రోజంతా రేంజ్‌లో ఉండను కదా. కౌంటర్ వెనక స్టూల్ మీద కూర్చుంటాను, కింది అరల్లో కూల్‌డ్రింక్ కేసులు సర్దడానికి వంగుతాను, కారు ఎక్కుతాను, దిగుతాను. వంగిన ప్రతిసారీ చొక్కా వెనక పిడి కింది కొస త్రికోణంలా పొడుచుకొచ్చేది. ఒకరోజు మా బావగారు స్టోర్‌కి వచ్చి, కాసేపు నా నడుం వంకే చూసి, "ఏంటి బావా, వెన్నుపూసకేమైనా బెల్టు వేశారా?" అని అడిగారు. కనబడకుండా పెట్టుకున్నానని నేననుకుంటున్నది ఇంటిల్లిపాదికీ కనబడుతోందని అప్పుడు తెలిసింది. వేసవిలో జాకెట్ వేసుకునే వీలు లేదు, బయట 40 డిగ్రీలు. మెల్లగా అది ఇంట్లోనే ఉండిపోవడం మొదలైంది. ఇవాళ వద్దులే, రేపు పెట్టుకుందాం అనుకుంటూ రెండు నెలలు గడిచాయి. కొన్నదేమో నలభై అడుగుల కోసం, అదేమో బీరువాలో.

2019లో గ్లాక్ 43ఎక్స్ వచ్చింది. పల్చగా ఉంది, ఖాళీగా 530 గ్రాములే, 10 తూటాలు. షాపులో చేతిలోకి తీసుకోగానే ఇదే నాది అనుకున్నాను. ఇంటికొచ్చి పెట్టుకుంటే పాత కథే. ఎందుకా అని రెండింటినీ టేబుల్ మీద పక్కపక్కన నిలబెట్టి చూస్తే, పిడి పొడుగు రెండింటికీ ఒక్కటే! లావు తగ్గింది, బ్యారెల్ తగ్గింది, చొక్కాని పొడిచే భాగం మాత్రం అలాగే ఉంది. బ్యారెల్ ఎంత పొడుగున్నా ప్యాంటు లోపలికి పోతుంది, బయటికి తెలిసేది పిడి ఒక్కటే. కొనేముందు నేను కొలవాల్సింది అదే. సన్నగా ఉన్నవాళ్ళకి, కొంచెం వదులు చొక్కాలు వేసేవాళ్ళకి 43ఎక్స్ చక్కగా సరిపోతుంది. నాకున్న బొజ్జతో, ఇన్‌షర్ట్ లేని టీషర్టులతో సరిపోలేదు. సంవత్సరం వాడి అమ్మేశాను.

ఆ తర్వాతది సిగ్ పీ365. 2018లో వచ్చిన మోడల్. అంగుళం మందం, 3.1 అంగుళాల బ్యారెల్, 500 గ్రాముల చిల్లర. ఇంత చిన్న ఒంట్లో 10 తూటాలు పట్టించడమే దాని గొప్ప. అంతకుముందు ఈ సైజులో ఆరూ ఏడూ పట్టేవి. మొదటిరోజు పెట్టుకుని స్టోర్‌లో మధ్యాహ్నం దాకా పనిచేసి, ఉందా లేదా అని ఒకసారి మోచేత్తో తడుముకుని చూసుకున్నాను.

పెట్టుకోవడం తేలిక, కాల్చడం అంత తేలిక కాదు. నా చేతికి చిటికెన వేలు గాల్లోనే ఉంటుంది. పది తూటాలు పేల్చేసరికి గ్లాక్ 19తో ఒకచోట గుత్తిగా పడేవి, దీంతో పళ్ళెం అంత మేర చెదిరాయి. చిన్న గన్ చేతిలో ఎగురుతుంది, అది దాని తప్పు కాదు. 12 తూటాల పొడుగు మ్యాగజైన్ వేస్తే చిటికెన వేలికి చోటు దొరుకుతుంది. కానీ పిడి మళ్ళీ పొడుగై, మళ్ళీ బావగారి ప్రశ్న దగ్గరికే వస్తాం. నేను 10దే ఉంచుకుని, నెలకి రెండుసార్లు రేంజ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. 2020లో తూటాల ధరలు రెండింతలు దాటినప్పుడు మాత్రం ఆ అలవాటు తప్పింది. అది గురిలో వెంటనే తెలిసిపోయింది. గ్లాక్ 19తో నెల మానినా పెద్ద తేడా ఉండదు, పీ365 అలా వదిలిపెట్టదు.

ఇంకో సంగతి. పొట్ట ముందు పెట్టుకుంటే పొట్టి గన్ సుఖంగా ఉంటుందనుకున్నాను. బొజ్జ ఉన్నవాడికి అది ఉల్టా. బ్యారెల్ పొట్టిదైతే బెల్టు కింద ఆనుకోవడానికి ఏమీ ఉండదు, పొట్ట తోసేసరికి పిడి బయటికి వాలిపోతుంది. ఒర అడుగున చిన్న స్పాంజి ముక్క అతికించాను, సగం తగ్గింది. చివరికి కుడి తుంటి వెనక్కి, గడియారంలో 4 అంకె చోటికి మార్చుకున్నాను. ఇప్పుడు నా బనియన్లన్నిటికీ సరిగ్గా ఒకేచోట చిల్లు. పిడి మీది గరుకు రాసుకుని రాసుకుని పడ్డది.

ఒర గురించి చెప్పకపోతే ఇదంతా వృథా. మొదట్లో ఓ ఇరవై డాలర్ల గుడ్డ ఒర కొన్నాను. గన్ తీశాక దాని మూతి ముడుచుకుపోయేది, తిరిగి పెట్టాలంటే రెండో చేత్తో విప్పాలి. ఒకసారి ఖాళీ గన్‌తో అభ్యాసం చేస్తుంటే ఆ గుడ్డ మడత ట్రిగ్గర్ దగ్గరికి వచ్చింది. ఒళ్ళు జలదరించింది, ఆ రోజే చెత్తబుట్టలో వేశాను. ఈ పిస్టళ్ళలో చాలావాటికి వేలితో నొక్కే సేఫ్టీ ఉండదు. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి కైడెక్స్ (ఒక రకం ప్లాస్టిక్) ఒర, వంగని బెల్టు, ఈ రెండూ లేకుండా ఏ మోడల్ మంచిదన్న చర్చకి అర్థం లేదు. నా 670 గ్రాముల గ్లాక్‌ని మంచి బెల్టుతో తర్వాత పెట్టుకుని చూస్తే, బరువు నేననుకున్నంత లేదు. పొడుగే సమస్య.

మా ఆవిడ ఈ మూడింటినీ ఒక్క మాటలో కొట్టేసింది. "ఏవండీ, అసలు ఆ పైది వెనక్కి లాగడమే నా వల్ల కావట్లేదు, ఇంకేం కాలుస్తాను?" తనకి స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ తీసుకున్నాం. స్లయిడ్, అంటే ఆ వెనక్కి లాగే పై భాగం, ఈజీగా వస్తుంది, పిడి వెనక నొక్కితేనే పేలే సేఫ్టీ ఉంది, 8 తూటాలు. నడుముకి కొంచెం పెద్దదే, తను ఎలాగూ పెట్టుకోదు, మంచం పక్కన తాళం పెట్టెలో ఉంటుంది. 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి గన్ అందేలా వదిలేస్తే టెక్సస్‌లో అది నేరం. మాకు ఇద్దరు పిల్లలు, కాబట్టి ఇంట్లో పెట్టె బయట ఏ గన్నూ ఉండదు.

శుభ్రం చేయడం రెండు వారాలకోసారి. చెమట సంగతి సరే, దూదే ఎక్కువ విసిగిస్తుంది. బనియన్ నూగు నూనెతో కలిసి స్లయిడ్ వెనక దీపపు వత్తిలా పేరుకుంటుంది. గ్లాక్ విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాలి, అందుకే మ్యాగజైన్ తీసి, లోపల తూటా లేదని కళ్ళతో చూసి, వేలితో తడిమి, మళ్ళీ చూసి గానీ నొక్కను. పీ365కి ఆ గొడవ లేదు, ట్రిగ్గర్ ముట్టుకోకుండానే విప్పొచ్చు. తీసిన తూటానే మళ్ళీ మళ్ళీ లోపలికి ఎక్కిస్తే దాని కొసనున్న గుండు కొద్దికొద్దిగా వెనకున్న గొట్టంలోకి కూరుకుపోతుంది. అందుకని తీసిన ప్రతి తూటా మీదా మార్కర్‌తో గీత పెడతాను. రెండు గీతలైతే అది రేంజ్ డబ్బాలోకి వెళ్తుంది.

ఇప్పటి లెక్క ఇదీ: నడుముకి పీ365, ఇంట్లో గ్లాక్ 19. ఆదివారాలు గుడికి వెళ్ళినప్పుడు అదీ ఉండదు. గేటు దగ్గర అంగుళం ఎత్తు అక్షరాలతో ఇంగ్లీషులో, స్పానిష్‌లో 30.06 బోర్డు ఉంది, లైసెన్స్ ఉన్నా గన్ దాచిపెట్టుకుని లోపలికి రావద్దని. కారు సీటు కింద కేబుల్‌తో కట్టిన పెట్టెలో పెట్టి, తాళం రెండుసార్లు లాగి చూసి, చెప్పులు విప్పి లోపలికి వెళ్తాను. పంచె మీదకి ఏ ఒరా ఎలాగూ నిలవదు.