ఎపిడారస్‌లో నిద్ర చేసిన చోటు

గ్రీసులోని నాఫ్లియో పట్టణంలో మేము దిగిన బస గురించి ముందుగా చెప్పాలి. రాత్రికి 95 యూరోల చొప్పున రెండు రాత్రులకూ ముందే కట్టించుకున్నారు. ప్రశాంతమైన వీధి అని ప్రకటనలో రాశారు కాని, తీరా చూస్తే మా కిటికీ కిందే బారు, అర్ధరాత్రి రెండు దాటేదాకా పాటలు. ఏసీకి రోజుకు మరో 8 యూరోలు అడిగారు. గది మార్చమంటే యజమాని సమాధానమైనా చెప్పకుండా ఫోను పెట్టేశాడు. డెబ్బై ఏళ్ల మా అత్తయ్యగారు ఆ రాత్రంతా మంచం మీద కూర్చునే గడిపారు, తెల్లవారాక మాతో మాట్లాడనైనా లేదు.

2023 సెప్టెంబరులో, ఆ నిద్రలేని ఉదయమే, టాక్సీకి రానూపోనూ 80 యూరోలు మాట్లాడుకొని ఎపిడారస్‌లో, ప్రాచీన గ్రీకుల వైద్యదేవుడైన అస్క్లెపియస్ ఆలయానికి వెళ్లాం. అప్పట్లో టికెట్టు మనిషికి 12 యూరోలు. వచ్చినవాళ్లంతా నేరుగా అక్కడి పురాతన రంగస్థలానికి నడుస్తారు. అది గొప్పదే, కాని నా మాట వింటే ముందు మ్యూజియం చూడండి. ఆ వైద్యదేవుడు నయం చేసిన రోగుల కథలను క్రీ.పూ. 4వ శతాబ్దంలో చెక్కించిన రాతి పలకలు అక్కడున్నాయి. ఏథెన్సు నుంచి వచ్చిన అంబ్రోసియా అనే ఒంటికన్ను స్త్రీ, కల కన్నంత మాత్రాన కుంటివాళ్లకూ గుడ్డివాళ్లకూ నయమవుతుందా అని నవ్విందట. ఆ రాత్రి దేవుడు కలలో కనిపించి, నయం చేస్తాను గాని నీ తెలివితక్కువతనానికి గుర్తుగా వెండి పందిని సమర్పించుకోవాలన్నాడట. కన్ను కోసి మందు పోశాడనీ, తెల్లవారేసరికి ఆమెకు చూపు వచ్చిందనీ రాశారు.

మావారు ఇది చదివి వినిపిస్తుంటే అత్తయ్యగారు ఆ రోజు మొదటిసారి నోరు విప్పారు. "ఇది మన జొన్నవాడలో నిద్ర చేయడమే కదరా!" అన్నారు. జొన్నవాడ కామాక్షమ్మ గుడి ఉన్న నెల్లూరు వైపు పుట్టిన ఆవిడకు నేను ఏదీ వివరించనక్కర లేకపోయింది. ఇక్కడా రోగి స్నానం చేసి, బలి ఇచ్చి, అబాటన్ అనే పొడవైన స్తంభాల మండపంలో పడుకొని దేవుడి కల కోసం ఎదురుచూసేవాడు.

అన్నీ కలలో శస్త్రచికిత్సలే కావు. క్రీ.శ. 2వ శతాబ్దంలో అజీర్తితో వచ్చిన అపెల్లాస్ అనే ఆయన తన చికిత్సనంతా రాతిమీద చెక్కించాడు: రొట్టె, జున్ను తినమన్నారు, పరుగెత్తమన్నారు, పాలలో తేనె కలుపుకొమ్మన్నారు, స్నానశాల పనివాడికి ఒక డ్రాక్మా నాణెం ఇమ్మన్నారు. ఆహారం, వ్యాయామం, స్నానం అనే ఈ పద్ధతి ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు సంప్రదాయపు వైద్యులు రోగులకు చెప్పినదానికి ఎంత దగ్గరో చూడండి. గుడికీ వైద్యుడికీ మధ్య మనం ఊహించుకునేంత గోడ లేదని నాకు అక్కడే గట్టిగా అనిపించింది.

అబాటన్ వెలుపల చెట్టు నీడలో అత్తయ్యగారు అరగంట కళ్లు మూసుకున్నారు. నాఫ్లియో గది రెండో రాత్రి డబ్బు తిరిగి రాలేదు. అయినా వెనక్కి వెళ్లి సామాను తెచ్చుకొని, గుడికి దగ్గరలోని లిగూరియో ఊళ్లో 55 యూరోలకు గది తీసుకున్నాం. టమాటాల్లో అన్నం కూరి వండిన గెమిస్తా తిని తొమ్మిదింటికి పడుకున్న అత్తయ్యగారు మర్నాడు ఏడింటికి గాని లేవలేదు.