అజెరాత్, టిరియా, గీలినోర్: ఏ లోకంలో ఉండిపోవడం మేలు?

2005 సెప్టెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేములోని నగరాల్లో మహమ్మారి వ్యాపించింది. జుల్‌గురుబ్ అనే పాడుబడిన ఆలయ నగరంలో హక్కార్ అనే రక్తదేవుడు తన మీదికి వచ్చిన వీరులపై ప్రయోగించే శాపం నిజానికి ఆ చోటు దాటి రాకూడదు. అయితే అది వేటగాళ్ల పెంపుడు జంతువులను పట్టుకొని బయటపడి, జనం కిక్కిరిసిన రాజధానులకు చేరి, అప్పుడప్పుడే ఆట మొదలుపెట్టినవారి బలహీనమైన పాత్రలను క్షణాల్లో చంపింది. కొందరు వైద్యం చేయడానికి పరుగెత్తుకొచ్చారు, కొందరు ఊరు విడిచి పారిపోయారు, మరికొందరు కావాలనే ఇతరులకు అంటించారు. ఈ ప్రవర్తనను అంటువ్యాధుల పరిశోధకులు 2007లో ఒక వైద్య పత్రికలో చర్చించారు. ఒక గేములోని శాపం వైద్యశాస్త్రానికి పాఠమైందంటే, అక్కడ ప్రతి పాత్ర వెనుకా ఒక మనిషి ఉన్నందువల్లే. వేలమంది ఒకేసారి నివసించే కాల్పనిక లోకాల ఆకర్షణకు కూడా అదే మూలమని నేను నమ్ముతాను.

కాబట్టి ఇలాంటి గేముల్లో ఏది మేలో తేల్చేటప్పుడు బొమ్మల అందం కన్నా రెండు విషయాలు ముఖ్యం: ఆ గేము దారిలో ఎదురైన అపరిచితుణ్ణి మనకు ఎవరిగా చేస్తుంది, మన కాలానికి ఏ విలువ కడుతుంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ లోకమైన అజెరాత్ పాత రూపం, అంటే 2019 ఆగస్టులో మళ్లీ తెరిచిన వార్‌క్రాఫ్ట్ క్లాసిక్, 2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2 లోని టిరియా, ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ లోని గీలినోర్ ఈ రెండు విషయాల్లో ఒకదానికొకటి ఎంతో దూరంగా ఉంటాయి.

క్లాసిక్ కష్టమైన లోకం. 40వ లెవెల్ వరకు స్వారీకి జంతువు దొరకదు. అంతవరకు చాలా దూరాలు కాళ్లతోనే నడవాలి. ఒక మృగంపై మొదటి దెబ్బ ఎవరు వేస్తే అది వారిదే అవుతుంది కనుక, అదే పని మీద అదే లోయకు వచ్చిన అపరిచితుడు మొదట పోటీదారుగానే కనిపిస్తాడు. ఇద్దరూ జట్టు కట్టి పంచుకుంటే మాత్రం ఆ పోటీ పోతుంది. డన్జన్‌కు, అంటే జట్టుగా వెళ్లి శత్రువులతో పోరాడే గుహ లేదా కోట వంటి చోటికి, ఐదుగురు కావాలి. వారిని వెతికి తెచ్చే యంత్రాంగం ఏదీ అందులో లేదు. దెబ్బలు కాచుకునే యోధుడి కోసం, గాయాలు మాన్పే వైద్యుడి కోసం చాట్‌లో పిలవాలి, అందరూ గుమ్మం దాకా నడిచి రావాలి. ఇంత శ్రమపడి కూడిన జట్టును ఎవరూ తేలికగా విడిచిపెట్టరు. మాట తప్పినవాడి పేరు సర్వర్ అంతా తెలుస్తుంది, ఓపికగల వైద్యుడి పేరు కూడా అలాగే తెలుస్తుంది. మంచిపేరుకు విలువ ఉన్న ఊరు అది, నేను దాన్ని ప్రేమించడానికి కారణమూ అదే.

అయితే ఆ ఊరు మన కాలాన్ని నిర్దయగా తీసుకుంటుంది. మోల్టన్ కోర్ వంటి రైడ్‌కు, అంటే పెద్ద జట్టుతో చేసే దండయాత్రకు, 40 మంది ఒకే వేళకు రావాలి. ఐరోపా సర్వర్‌లోని గిల్డ్ (ఆటగాళ్ల సంఘం) తన రాత్రి ఎనిమిదికి రైడ్ పెట్టుకుంటే, చలికాలంలో అది హైదరాబాదులో అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. ఉదయం ఉద్యోగానికి వెళ్లవలసినవారు వారానికి రెండు రాత్రులు అలా గడపడం న్యాయం కాదు. పైగా నెలనెలా చందా కూడా చెల్లించాలి.

గిల్డ్ వార్స్ 2 ఈ బాధలన్నింటినీ ఒక్కొక్కటిగా ఆలోచించి తొలగించింది. ఒక ఖనిజపు గుట్టను పదిమంది తవ్వినా ఎవరి వాటా వారికి పూర్తిగా దొరుకుతుంది. మృగాన్ని కలిసి చంపితే ఎవరి బహుమతి వారిదే. పడిపోయినవారిని దారినపోయే ఎవరైనా లేపవచ్చు, లేపినందుకు వారికీ అనుభవ పాయింట్లు లభిస్తాయి. గరిష్ఠ లెవెల్ 2012లో 80, ఈనాటికీ 80. ఏళ్ల క్రితం కష్టపడి సంపాదించిన కవచం కొత్త విస్తరణ (గేముకు చేర్చే అదనపు భాగం) వచ్చినంత మాత్రాన చెత్తకింద జమ కాదు కాబట్టి, ఆరు నెలలు మానేసి తిరిగి వచ్చినవారు ఎక్కడ వదిలారో అక్కడే నిలబడతారు. నెలనెలా కట్టే చందా లేదు, మూల గేము ఉచితం, విస్తరణలను మాత్రం కొనుక్కోవాలి. టెక్వాట్ల్ అనే డ్రాగన్ బురదనేలల మీదికి నిర్ణీత వేళల్లో దిగుతుంది, ఆ వేళకు అక్కడికి చేరితే చాలు, పదుల సంఖ్యలో మనుషులు అప్పటికే నిలబడి ఉంటారు.

ఈ సౌకర్యంలోనే ఒక లోటు ఉంది. ఎవరినీ ఏదీ అడగవలసిన అవసరం లేకపోవడంతో ఎవరి పేరూ గుర్తుండదు. డ్రాగన్ పడిపోగానే ఆ గుంపంతా పలుదిక్కులకు వెళ్లిపోతుంది. అపరిచితుడు ఇక్కడ ఎప్పుడూ మేలే చేస్తాడు, కానీ ఎన్నాళ్లైనా అపరిచితుడిగానే మిగిలిపోతాడు.

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ ఆకర్షణ వేరు. రూన్‌స్కేప్ గేము 2007 ఆగస్టు నాటి ప్రతి నుంచి 2013లో ఆటగాళ్ల ఓటుతో దీన్ని పునరుద్ధరించారు. కొత్తగా చేర్చదలచినవాటిని కూడా ఓటుకు పెడతారు, ఒకప్పుడు 75 శాతం మద్దతు కావలసి ఉండగా తర్వాత దాన్ని 70కి తగ్గించారు. చెట్లు నరకడం, చేపలు పట్టడం వంటి విద్యలో గరిష్ఠమైన 99వ లెవెల్‌కు చేరాలంటే 1,30,34,431 అనుభవ పాయింట్లు కావాలి. 92వ లెవెల్‌కు చేరినప్పుడు మాత్రమే అందులో సగం పూర్తయినట్టు. 2018 అక్టోబరు నుంచి అదే ఖాతాతో ఫోన్‌లోనూ ఆడవచ్చు కనుక, బస్సులో కూర్చొని కూడా నాలుగు చేపలు పట్టుకోవచ్చు. చెరువుగట్టున పక్కపక్కన వల వేసుకునేవారి మధ్య పుట్టే తీరిక కబుర్లు ఇక్కడ ఉంటాయి, వాటిని తక్కువగా చూడకూడదు.

అర్ధరాత్రి మేలుకోగలిగిన విద్యార్థి ఒంటరిగా వెళ్లి కొత్త మనుషులను సంపాదించుకోవాలనుకుంటే, క్లాసిక్‌ను మించినది నాకు తెలియదు. ఫోన్ తప్ప మరో సాధనం లేనివారికి రూన్‌స్కేప్ చాలు. కానీ హైదరాబాదులో ఒకరు, డల్లాస్‌లో ఒకరు, మెల్‌బోర్న్‌లో ఒకరుగా చెదిరిపోయిన పాత స్నేహితులు వారానికి ఒక్క గంట కలుసుకోవాలనుకుంటే, నేను గిల్డ్ వార్స్ 2నే చూపిస్తాను. ఆ గేము ఇవ్వలేని పరిచయాన్ని వారు తమ వెంటే తెచ్చుకుంటారు. ఎక్కువ లెవెల్ పాత్ర తక్కువ లెవెల్ ప్రాంతానికి వెళ్తే దాని బలాన్ని ఆ ప్రాంతానికి సరిపడేలా గేమే తగ్గిస్తుంది కాబట్టి, నిన్న చేరిన స్నేహితుడు కూడా మొదటి రోజు నుంచే మిగతావారి పక్కన నడవగలడు.