పొదగేయడానికి గుడ్లు కొనేవారు ముందు పుంజును చూడండి

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నాటుకోళ్ళు పెంచేవారిలో ఆయన్ను ఎరగనివారు ఉండరు కాబట్టి పేరు రాయడం లేదు. పందెం జాతి పెట్టల గుడ్లు, ఒక్కోటి 150 రూపాయలు అంటూ ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ డేగ (ఎర్ర ఈకల) పుంజు ఫొటో పెట్టి కనిపించే పెద్దమనిషే. మా పెట్ట పొదుగుకు వచ్చి ఖాళీ తట్టలోనే కూర్చుంటుండటంతో, మంచి జాతి పిల్లలు చేయిద్దామని ఫిబ్రవరి చివరలో ఆయన దగ్గర డజను గుడ్లు కొన్నాను. బేరం ఆడలేదు, డబ్బు ముందే పంపాను. నాలాంటి బంగారు ఖాతాదారుడు ఆయనకు మళ్ళీ దొరకడం కష్టమే.

పెట్టకు వంక పెట్టడానికి లేదు. ఇంటి వెనక చీకటి మూలలో, గోమార్లు పట్టకుండా అడుగున వేపాకు వేసి పైన వరిగడ్డి పరిచిన తట్టలో కూర్చోబెడితే, రొమ్ము ఈకలు తానే పీకేసుకుని ఒంటి వేడి నేరుగా గుడ్లకు తగిలేలా ఒదిగింది. రోజుకు ఒక్కసారి లేచి, నూకలు తిని, నీళ్ళు తాగి, బూడిదలో పొర్లి, అరగంట తిరక్కుండా మళ్ళీ గుడ్ల మీదికి చేరేది. మా అమ్మ మాత్రం, ఎందుకైనా మంచిదని, మా పెరటి కోళ్ళ గుడ్లు రెండింటికి పెన్సిలుతో గుర్తు పెట్టి వాటితో కలిపి ఉంచింది. ఆ పెన్సిలు గీతలే ఇప్పుడు నాకు సాక్ష్యం.

ఏడో రోజు రాత్రి దీపాలు ఆర్పి, ఒక్కొక్క గుడ్డు లావు వైపున టార్చి ఆనించి చూశాం. గుర్తు పెట్టిన రెండింటిలోనూ నడుమ నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్ళలా ఎర్రటి నరాలు స్పష్టంగా కనిపించాయి. కొన్న గుడ్లలో పసుపు వెలుగు తప్ప ఏమీ లేదు. తిప్పినప్పుడు పచ్చసొన నీడ మెల్లగా జరిగిందంతే. పిండం మొదలై మధ్యలో చచ్చిపోతే లోపల రక్తపు వలయం కనిపిస్తుంది, అప్పుడు దారిలో కుదుపులో, ఎండో కారణమని సరిపెట్టుకునేవాణ్ని. డజనులో ఒక్కదానిలోనూ అదీ లేదు. ఒకటి పగలగొట్టి చూస్తే వారం రోజులు పెట్ట కింద ఉన్న గుడ్డులో నెత్తురు చార కూడా లేదు.

మర్నాడు ఫోన్ చేస్తే ముందు ఎత్తింది అక్కడ పనిచేసే కుర్రాడు. గుడ్లు ఏ పుంజు కిందివి అని మామూలుగానే అడిగాను. "పుంజులు సంక్రాంతికే పోయాయండీ, ఇప్పుడు పెట్టలే ఉన్నాయి" అని పాపం నిజం చెప్పేశాడు. వెంటనే ఫోన్ చేతులు మారింది. "మీ పెట్టకు వేడి చాల్లేదు సార్, ఊరి పెట్టల కింద జాతి గుడ్లు పెడితే ఇంతే" అన్నాడు పెద్దమనిషి. అదే పెట్ట కింద, అదే తట్టలో మా గుడ్లు రెండూ బతికే ఉన్నాయి కదా, వాటికి వేడి ఎక్కడిదని అడిగాను. ఒక్క క్షణం ఆగి, నవ్వి, "అయితే ఆ రెండు పిల్లల్నీ పెంచుకోండి సార్, మీకు చాలు" అని పెట్టేశాడు. ఆ తర్వాత నా నంబరు బ్లాకు చేశాడు. డబ్బు సంగతి తర్వాత, ఆ నవ్వు మాత్రం నాకు ఇంకా మింగుడుపడటం లేదు.

పుంజును తీసేశాక కూడా దాని బీజం పెట్ట కడుపులో రెండు వారాల దాకా, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ, నిలుస్తుందన్నది కోళ్ళు పెంచే ఎవరికైనా తెలిసిన విషయమే. జనవరి మధ్యలో పుంజులు బరికి పోతే, ఫిబ్రవరి చివర పెట్టిన గుడ్లు అట్టు వేసుకోవడానికి తప్ప దేనికీ పనికిరావని ఆయనకు తెలియదంటే నేను నమ్మను. 150 రూపాయల అట్టు గుంటూరులో ఏ హోటల్లోనూ దొరకదు.

ఇప్పుడు కొత్త గుడ్లు పెట్టడానికీ వీల్లేదు, ఎందుకంటే 21వ రోజున ఆ రెండు పిల్లలూ బయటికి వస్తే పెట్ట వాటిని వెంటేసుకుని లేచిపోతుంది, వెనక పెట్టిన గుడ్లు సగంలో చల్లారిపోతాయి. పొదుగు మీద ఉన్న పెట్ట గుడ్లూ పెట్టదు, తిండీ సరిగా తినదు. రెండు పిల్లల కోసం ఒక పొదుగంతా పోయినట్టే.

కొనేవారికి చెప్పేదేమిటంటే, ఫొటో కాదు, పెట్టలతో కలిసి తిరుగుతున్న పుంజును అప్పటికప్పుడు వీడియోలో చూపించమనండి, వారం దాటిన గుడ్లు తీసుకోకండి, వచ్చిన వాటిలో ఒకటి పోతే పోయిందని పగలగొట్టి చూడండి: పచ్చసొన మీది తెల్లచుక్క చుట్టూ వలయం ఉంటే పుంజు కలిసిన గుడ్డు, వలయం లేకుండా చిన్న చుక్క ఒక్కటే ఉంటే కానిది.

మిగిలిన పదకొండు గుడ్లు పెట్ట కింద నుంచి తీసేసి విడిగా ఉంచాను. ఈ గ్రూపులో ఉన్న ఆయన మనుషులెవరైనా వచ్చి చూస్తామంటే ఈ వారంలోనే రమ్మనండి, ఈ ఎండలకు ఆ తర్వాత అవి పగిలితే ఇంట్లో నిలబడలేము.