దర్జీ చదివిన సైబర్‌పంక్ రెడ్

సైబర్‌పంక్ రెడ్ రూల్‌బుక్ రాగానే మా గుంపులో కుర్రాళ్లంతా తుపాకుల పట్టిక తెరిచారు. నేను బట్టల పట్టిక తెరిచాను. తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర టైలరింగ్ షాపు పెట్టుకుని బతికేవాడిని, ముందుగా నా కన్ను ఇంకెక్కడికి పోతుంది? కాబట్టి ఈ రివ్యూలో పాచికల సంగతి, ఫైటింగ్ సంగతి తక్కువే. సైబర్‌పంక్ సినిమాల్లో, అంటే మనుషుల ఒంట్లో యంత్రాలు దూరిన భవిష్యత్తు కథల్లో, హీరోలు వేసే బట్టలకీ, ఈ ఆటలో మనం తయారుచేసుకునే పాత్రల బట్టలకీ తేడా ఎక్కడుందన్నదే నేను చూసింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు, వాళ్లని జీఎం అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్రని పట్టుకుంటారు. మైక్ పాండ్‌స్మిత్ 1988లో మొదటి ఎడిషన్ తెచ్చాడు. ఈ రెడ్ 2020లో వచ్చింది. కథ జరిగే ఊరు నైట్ సిటీ, కాలం 2045. పుస్తకం 456 పేజీలు, అట్ట గట్టిది, ఒడిలో పెట్టుకుని చదివితే కాళ్లు తిమ్మిరెక్కుతాయి.

ఇక సినిమాలు. 1982 నాటి బ్లేడ్ రన్నర్‌లో హీరో డెకర్డ్ కోటు చూడండి. మట్టిరంగు, పొడుగు, కాలర్ పైకి లేపి ఉంటుంది. కథ 2019లో జరుగుతుంది కానీ ఆ కోటు కట్ 1940ల డిటెక్టివ్ సినిమాలది. హీరోయిన్ రేచల్ భుజాలకి పెట్టిన ప్యాడ్లూ ఆ కాలానివే. ఆ కాస్ట్యూమ్స్‌కి చార్లెస్ నోడ్, మైకేల్ కప్లాన్ బ్రిటన్‌వాళ్ల బాఫ్టా సినిమా అవార్డు అందుకున్నారు, ఇవ్వాల్సిందే. భవిష్యత్తు చూపించడానికి వాళ్లు బట్టల్లో బల్బులు కుట్టలేదు. పాత కట్‌ని వానలో తడిపి నియాన్ వెలుతురులో నిలబెట్టారు.

1999లో మొదలైన మేట్రిక్స్ సినిమాల్లో బట్టలు చేసిన కిమ్ బారెట్ పని ఇంకో దారి. 2003 నాటి రెండో భాగంలో హీరో నియో కోటు మెడ దగ్గర నిలువు కాలర్, నడుము దాకా బిగువు, అక్కడి నుంచి కింద ఘేరా, అంటే గొడుగులా విచ్చుకునే వెడల్పు. మనిషి తిరిగితే ఆ ఘేరా ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతుంది. ఫైట్‌కి సగం అందం ఆ ఆలస్యంలోనే ఉంది. కాలేజీ ఫెస్టు వస్తే చాలు, ఆ కోటు ఫోటో పట్టుకుని ఎవరో ఒకరు మా షాపుకి వస్తారు. చవగ్గా రెక్సిన్‌లో కుట్టమంటారు. రెక్సిన్ నిలబడుతుంది గానీ జారదు బాబూ, తిరిగితే అట్టముక్కలా తిరుగుతుందని ఎంత చెప్పినా వినరు. పైగా తిరుపతి ఎండలో రెక్సిన్!

ఆ సినిమా హీరోల్లో నాకు కనబడిన ఇంకో సంగతి: లోపల ఎంత యంత్రం ఉన్నా బయటికి కనబడదు. నియోకి తల వెనక వైరు గుచ్చే పోర్టు ఉంది కానీ, అతను కోటు వేసుకుని తిరిగేది కంప్యూటర్ కట్టిన ఉత్తుత్తి లోకంలో, అక్కడ అది ఉండదు. 1995 నాటి జానీ నెమోనిక్‌లో హీరో తలలో మెమరీ పెట్టించుకోవడానికి చిన్ననాటి జ్ఞాపకాలనే తీసేయించుకుంటాడు. ఒంటి మీద మాత్రం శుభ్రమైన సూటూ, టై! బ్యాంకు మేనేజరనుకుంటారు. సగం యంత్రమైన పోలీసు, రోబోకాప్ ఒక్కడే దీనికి ఎదురు. రాబ్ బాటిన్ చేసిన ఆ సూట్‌లో కంటికి కనబడేదంతా లోహమే, మనిషి మిగిలింది ముఖం దగ్గర కాస్త.

బల్ల మీద ఈ దాపరికం కుదరదు. పాత్ర తయారుచేసేటప్పుడే పది ముఖాల పాచిక వేసి బట్టల తీరు, జుట్టు, ఒంటి మీద ఎప్పుడూ ఉండే వస్తువు ఒక్కొక్కటీ తేల్చుకోవచ్చు. మా అక్క కొడుక్కి బొహీమియన్ బట్టలు, గుండు, ముళ్ల గ్లోవ్స్ పడ్డాయి. వాడికి నచ్చలేదు. "మామా, నియో కోటు వేసుకుంటానే" అన్నాడు. పాచిక నచ్చకపోతే మనమే ఎంచుకోవచ్చని పుస్తకంలో ఉంది, సరే వేసుకోరా అన్నాం.

అసలు కథ అప్పుడు మొదలైంది. ఉత్త తోలు బట్టకి పుస్తకం ఇచ్చే రక్షణ 4. మామూలు హెవీ పిస్టల్ దెబ్బకి ఆరు ముఖాల పాచికలు మూడు వేస్తారు, మా జీఎంకి 12 పడింది. నాలుగు కోటు ఆపింది, ఎనిమిది మనోడి ఒంట్లోకి పోయాయి. ఆ దెబ్బకి కోటు రక్షణ కూడా మూడుకి పడిపోయింది. అదే లైట్ ఆర్మర్‌జాక్ అనే తేలిక కవచం వేసుంటే 11 ఆగేవి, ఒక్కటే తగిలేది. అందులో కెవ్లార్ (గుండు ఆపే గట్టి దారం), ప్లాస్టిక్ మెష్ బట్ట నేతలోనే కలిసి ఉంటాయట. ఇది చదివి నేను చాలాసేపు ఆగాను, ఎందుకంటే అది జాకెట్‌లాగే కనబడుతుంది, కదలికకి అడ్డం రాదు. ఇంకొక్క మెట్టెక్కి మీడియం వేసుకుంటే రక్షణ 12, చురుకుదనంలో, నడకలో రెండేసి పాయింట్లు కోత. ఒక్క పాయింటు కోసం అంత బరువు ఎవడు మోస్తాడు? మేట్రిక్స్ సినిమాలో హీరోయిన్ ట్రినిటీ నల్లగా మెరిసే బిగుతు బట్టల్లో లాబీ అంతా తుపాకీ గుండ్ల మధ్య దాటేస్తుంది. ఇక్కడైతే రెండో రౌండ్‌కే ఆసుపత్రి.

యంత్రాల లెక్క ఇంకా కఠినం. పాత్రకి హ్యుమానిటీ, అంటే మనిషితనం, అని ఒక అంకె ఉంటుంది, ఎంపతీకి (ఎదుటివాళ్ల మనసు తెలిసే గుణానికి) పది రెట్లు. యంత్రం చెయ్యి పెట్టించుకుంటే అందులో ఏడు పోతుంది. కంటికీ అంతే. పోగా పోగా ఎంపతీ కూడా తగ్గుతుంది, చివరికి ఆ పాత్ర మన చేతిలో ఉండదు. కానీ చర్మం కింద వెలిగే టాటూలు, రంగులు మారే జుట్టు లాంటి సోకులకి హ్యుమానిటీ కోత సున్నా. అలాంటి టాటూలు మూడు పెట్టించుకుంటే వేషధారణ నైపుణ్యానికి రెండు పాయింట్లు కలుస్తాయి కూడా. సోకు చేసుకున్నంత మాత్రాన మనిషితనం తగ్గదని రూల్స్‌లోనే రాసిపెట్టారు. బట్టలు కుట్టేవాడిగా పాండ్‌స్మిత్‌కి ఇక్కడ దండం పెట్టాను.

సరుకు కంటే స్టైల్ ముఖ్యమని ఈ ఆట మొదటి నుంచీ చెప్పే మాట. మా తిరుపతి వాళ్లకి దాన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. గంగమ్మ జాతరలో ఒంటికి నామకొమ్ము (తెల్ల సుద్ద) పూసుకుంటే బైరాగి వేషం, బొగ్గు పూసుకుంటే తోటి వేషం. బండ వేషం కట్టినవాడు నడిబజార్లో బూతులు తిడితే ఎవరూ తప్పు పట్టరు. మామూలు రోజున తిట్టమనండి చూద్దాం. ఆటలోనూ గ్యాంగ్ రంగులు వేసుకున్న పాత్ర ఒకలా మాట్లాడాలి, బిజినెస్ సూట్ వేసుకున్నది ఒకలా. మా గుంపులో నోరు మెదపని కుర్రాడొకడు రాకర్‌బాయ్, అంటే రాక్ పాటగాడి, పాత్ర తీసుకుని, బల్ల గుద్ది అరవడం నా కళ్లారా చూశాను. సినిమా హీరో బట్ట కెమెరాకి బాగుంటే చాలు. ఇక్కడ బట్ట ఎవరికీ కనబడదు, మాటలోనూ అంకెలోనూ తెలియాలి.

ఇక లోపాలు. రూల్స్‌లో పది రకాల ఫ్యాషన్ ఉంది, చిరుగుల బట్టల నుంచి హై ఫ్యాషన్ దాకా. బొమ్మల్లో మాత్రం నా కంటికి ఎక్కువగా ఆనింది జాకెట్లూ, కళ్లద్దాలే. రూల్స్ సినిమాని దాటి పోయాయి, బొమ్మలు ఇంకా సినిమా పోస్టర్ దగ్గరే ఉన్నాయి. బట్టల పట్టికలో ప్యాంటుకింత, చొక్కాకింత అని ధరలున్నాయి తప్ప గుడ్డ ఏమిటో, కట్ ఏమిటో లేదు. పది వృత్తులిచ్చారు, కుట్టేవాడు లేడు. అంత సోకు చేసే ఊళ్లో దర్జీ లేకపోతే ఎలా! వస్తువులు తయారుచేసే టెక్ పాత్రతో ఆ పని చేయించుకోవచ్చులెండి. మరో చిరాకు, ఒక్క కవచం సంగతి తేల్చుకోవడానికి నాలుగు చోట్ల పేజీలు తిప్పాలి.

జానీ సిల్వర్‌హ్యాండ్ సంగతి చెప్పకపోతే కుర్రాళ్లు ఊరుకోరు. వెండి చెయ్యి ఉన్న ఈ రాకర్ ఆట పాత ఎడిషన్ల నుంచీ ఉన్నవాడు. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 వీడియో గేమ్ వచ్చాక వాడికి నటుడు కీనూ రీవ్స్ ముఖం వచ్చి అతికింది. నియో, నెమోనిక్ జానీ, సిల్వర్‌హ్యాండ్ ముగ్గురి వేషమూ కట్టింది ఈ ఒక్క మనిషే. ఇప్పుడు కొత్తగా ఆడేవాళ్లు ఎవరైనా ఆ గడ్డం, ఆ కళ్లద్దాలే కావాలంటున్నారు. పాచిక వేసి చూడండి బాబూ, మీకింకా మంచిది పడొచ్చు.

కొనాలా అంటే, నలుగురు స్నేహితులుంటే కొనండి. ఇంగ్లీషు కాస్త బరువుగానే ఉంటుంది, చదివి చెప్పేవాడు గుంపులో ఒకడుండాలి. ఈజీ మోడ్ అని చిన్న పుస్తకం ఉచితంగా పెట్టారు, ముందు దాంతో ఒక ఆదివారం ఆడి చూడండి. ఆరు ముఖాల పాచికలు ఎక్కడైనా దొరుకుతాయి. పది ముఖాలవి నాకు ఊళ్లో దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించాను. నియో కోటు కావాలనుకునేవాళ్లు ఫెస్టుకి రెండు వారాల ముందు రండి, రెక్సిన్ మాట మాత్రం ఎత్తకండి.