మొవ్వు కోసినా చావని చెట్టు: పీచ్ పామ్ మొక్కలపై నా రివ్యూ

మాది ఉద్దానం, కవిటి దగ్గర. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా తోటలో నలభై మూడు కొబ్బరి చెట్లను పడగొట్టింది. పడిన చెట్ల మొవ్వు, అంటే తల లోపలుండే తెల్లటి లేత చిగురు, ఊళ్లో పిల్లలు వారం రోజులు తిన్నారు. నాకు మాత్రం ఒక్క ముక్క కూడా గొంతు దిగలేదు. కొబ్బరికి మొవ్వు ఒక్కటే, అది తీస్తే చెట్టు పోయినట్టే.

మొవ్వు కోసినా పక్క పిలకలతో మళ్లీ లేచే చెట్టు ఒకటుందని తెలిశాక మనసు ఆగలేదు. అదే పీచ్ పామ్. మధ్య, దక్షిణ అమెరికాలది. 2021 జూలైలో ఆన్‌లైన్‌లో ఒక నర్సరీ నుంచి ఆరు పీచ్ పామ్, అసాయి అనే ఇంకో తాటిజాతి మొక్కలు రెండు తెప్పించాను. ఒక్కోటి 380 రూపాయలు. ప్యాకింగ్ బాగుంది. తడి కొబ్బరి పొట్టు చుట్టి పంపారు, ఒక్క ఆకు విరగలేదు.

కానీ ముళ్లు లేని రకమన్నారు. రెండో ఏడు వచ్చేసరికి ఆరింటిలో నాలుగింటికి కాండం నిండా ముళ్లే. నల్లటి సూదుల్లాంటివి, కణుపు కణుపుకీ మధ్య పట్టీ కట్టినట్టు వరసగా ఉంటాయి. "ఏటమ్మా ఇది, చూడ్డానికి కొబ్బరి, ఒంటి మీద ఈతముళ్లు" అన్నాడు పక్క తోట తాతయ్య. విత్తనంతో పెంచిన మొక్కల్లో ముళ్లవి కలుస్తాయని ముందే చెబితే, దారి పక్కన పెట్టేదాన్ని కాదు. మా ఆయన అరచేతిలో ముల్లు విరిగి వారం బాధపడ్డారు.

అసాయి సంగతి ఇంకా బాధ. అమెజాన్ ముఖద్వారంలో, వరద నీళ్లు వచ్చిపోయే నేలల్లో పెరిగే చెట్టది. ఏ నేలైనా పరవాలేదని అమ్మారు. మా ఇసుకలో ఒకటి మొదటి మే నెలలోనే ఎండిపోయింది. రెండోదాన్ని నూతి దగ్గర నీళ్లు పారే చోటికి మార్చాక కోలుకుంది.

పీచ్ పామ్‌కీ నీళ్లు కావాలి. ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్ల వాన ఉంటే హాయిగా పెరుగుతుంది, మన జిల్లాలో పడేది అందులో సగానికి కాస్త ఎక్కువ. బోరు లేనివాళ్లు కొనొద్దు. నీళ్లు నిలిచే పల్లం కూడా పనికిరాదు.

మూడో ఏడు ఒక పిలక కోశాం. ముళ్ల పొరలు ఒక్కొక్కటే ఒలుస్తుంటే లోపల బొటనవేలంత లావున తెల్లటి మొవ్వు. కోసి అరగంట ఉంచినా రంగు మారలేదు. పనసపొట్టులాగే ఆవ పెట్టి వండాను. నమిలితే మెత్తగా, చివర్న కాస్త తీపి. తిత్లీ తర్వాత నేను మొవ్వు తినడం అదే మొదలు. రెండు నెలలకి ఆ దుబ్బులోనే ఇంకో రెండు పిలకలు ఎదిగాయి.

నిరుడు మొదటి గెల వేసింది. కాయలు ఎర్రటి నారింజ రంగు. పచ్చివి కొరకొద్దు, కందలా నోరు దురద పెడతాయి. ఉప్పు నీళ్లలో గంట ఉడికిస్తే చిలగడదుంపకీ తేగకీ మధ్య రుచి, కాస్త నూనె జిడ్డు. కొలంబియాలో ఉప్పు, తేనె వేసి వీధుల్లో అమ్ముతారట. మా ఇంట్లో ఉప్పూ కారమే నచ్చింది.

మొక్కకి అయిదు స్టార్లు, నర్సరీకి రెండు. ఇక వాళ్ల దగ్గర కొనను. ఉడకబెట్టే ముందే పది కాయలు పక్కన తీసి, గింజలు ఆరితే మొలవవని అప్పటికప్పుడే తడి ఇసుకలో పెట్టాను. మూడింటిలో గింజే లేదు. మిగతా ఏడింటిలో నాలుగు మొలిచాయి.